“అయిదు నిమిషాలండీ” అనే మాట ఖరీదెంత?

బెజవాడ బీసెంట్ రోడ్డులో గానీ, బందరు రోడ్డు మీది పెద్ద షోరూముల్లో గానీ చీరలు చూపించే తీరుకి వంక పెట్టడం కష్టం. గుమ్మంలో నమస్కారం, లోపల ఏసీ, కూర్చోగానే మంచినీళ్ళు, కాసేపటికి కూల్‌డ్రింకు. యాభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకపోయినా సేల్స్‌మన్ మొహం చిట్లించడు. కస్టమరు అనుభవం ముఖ్యమని ఎవరైనా చెప్పబోతే ఓనర్లు ఇదంతా చూపించి “మేం చేస్తూనే ఉన్నాంగా” అంటారు. నా లెక్కలో ఇది సగం కూడా కాదు. డబ్బు కట్టేదాకా చేసే మర్యాద అంతా అమ్మకంలో భాగం. అసలు పరీక్ష బిల్లు చేతికొచ్చాక మొదలవుతుంది. అక్కడి నుంచి కస్టమరుకి మిగిలేవి మూడే ప్రశ్నలు: ఎప్పటికి అవుతుంది, మొత్తం ఎంతవుతుంది, తేడా వస్తే ఎవర్ని అడగాలి. వీటికి సూటిగా జవాబు చెప్పగలిగిన కొట్టు ఫ్యాను గాలితోనైనా నడుస్తుంది. చెప్పలేని కొట్టు ఎంత పాలరాయి పరిచినా, వెళ్ళిపోయిన పాతవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని రప్పించడానికి ఫ్లెక్సీలకీ కరపత్రాలకీ డబ్బు తగలేస్తూనే ఉంటుంది.

మూడింట్లో ఎక్కువ నష్టం చేసేది మొదటిదే. “అయిదు నిమిషాలండీ”, “రేపు సాయంత్రం వచ్చేయండి”, “కుర్రాడు బయల్దేరాడండీ, దారిలో ఉన్నాడు”. బెజవాడలో ఈ మాటలు వినకుండా రోజు గడవదు. చెప్పేవాడికి మోసం చేయాలని ఏమీ ఉండదు. ఎదుటి మనిషి మొహం చిన్నబోవడం చూడలేక, అప్పటికి గండం గడిచే మాట అనేస్తాడు. నిజంగా ఎంతసేపు పడుతుందో అతనికీ తెలియదు. తెలుసుకునే పద్ధతి కొట్లో ఎవరూ పెట్టలేదు. ఆ తప్పు కౌంటర్లో కుర్రాడిది కాదు, లెక్క కట్టని యజమానిది.

జాకెట్ల కౌంటరు సంగతి కాస్త దగ్గరగా చూద్దాం, తగాదాలన్నిటికీ అదే పుట్టిల్లు. ఆషాఢంలో డిస్కౌంట్లు పెట్టి చీరలు అమ్మేస్తారు. కొన్నవాళ్ళలో చాలామందికి కావలసిన తేదీ ఒక్కటే: శ్రావణ పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. నాలుగు వారాలపాటు కొద్దికొద్దిగా వచ్చిన పనంతా ఆ ముందు గురువారం రాత్రికి తేలాలి. దసరాకీ ఇంతే, మూఢం వెళ్ళి ముహూర్తాలు మొదలైనప్పుడూ ఇంతే. ఇదేమీ హఠాత్తుగా నెత్తిన పడే ఉపద్రవం కాదు, పంచాంగంలో ముందే అచ్చయి ఉంటుంది. అయినా ఏటా అదే గురువారం, అదే కౌంటరు, “మొన్ననే ఇస్తానన్నారు కదండీ” అంటూ అవే గొంతులు.

రోజుకి అయిదు లైనింగ్ జాకెట్లు కుట్టే టైలరు ఒకడున్నాడనుకోండి. ఆరు రోజులకి ముప్ఫై. చాలా కొట్లలో ముప్ఫైకి ముప్ఫై తేదీలు ఇచ్చేస్తారు, పండగొస్తే నలభై ఇచ్చేస్తారు. బోల్తా పడేది ఇక్కడే. ఆ వారంలోనే ఒక పూట కరెంటు పోతుంది. టైలరుకి జ్వరం వస్తుంది. ఒకావిడ చేతులు బిగుతయ్యాయని వెనక్కి తెస్తుంది. ఇంకొకావిడ మగ్గం వర్కు చేయించిన గుడ్డ తెస్తుంది, దాన్ని కోయడానికే చెయ్యి ఆడదు. క్యూల లెక్కల్లో పాత సూత్రం ఒకటుంది. పని ఎప్పుడొస్తుందో, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో నిలకడ లేని చోట ఒకే మనిషి పని చేస్తుంటే, అతని సమయంలో 80 శాతం నిండినప్పుడు కొత్తగా వచ్చిన పని తన వంతు కోసం సగటున నాలుగు పనులకి పట్టేంత కాలం ఆగుతుంది. 90 శాతం నిండితే తొమ్మిది పనుల కాలం. 95 శాతానికి పంతొమ్మిది. చివరి పదిహేను శాతం పిండుకుందామనుకుంటే ఎదురుచూపు దాదాపు అయిదింతలన్నమాట.

టైలరు ఒక గంట ఖాళీగా కూర్చుంటే ఓనరుకి ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ఇచ్చిన మాట నిలబడేది ఆ ఖాళీ వల్లే. ముప్ఫై కుట్టగలిగినచోట ఇరవై నాలుగింటికే తేదీలివ్వాలి. మిగతా ఆరూ ఆల్టరేషన్లకీ అర్జంటు పనులకీ. అవి వాడుకలోకి రాని వారంలో తర్వాతి వారం పని ముందుకి లాక్కోవచ్చు. రెండు రోజులు ముందే ఇచ్చారని ఎవరూ పోట్లాడరు. దీనికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. గోడ మీద పెద్ద గళ్ళ క్యాలెండరు, దాని పక్కన తాడుకి కట్టిన పెన్ను చాలు. ఒప్పుకున్న ప్రతి జాకెట్టుకీ డెలివరీ తేదీ గడిలో ఒక గీత. నాలుగు గీతలు పడ్డాక ఆ తేదీ మూసేసినట్టే, కౌంటర్లో ఎవరు కూర్చున్నా సరే. ఓనరుగారి బావమరిది ఫోను చేసినా అయిదో గీత పడకూడదు. పడేది మాత్రం సరిగ్గా ఆ ఫోనుకే, అది వేరే సంగతి.

ఇక స్లిప్పు. “జాకెట్టు 1, శుక్రవారం” అని రాసిచ్చిన కాగితం దేనికీ పనికిరాదు. ఆది జాకెట్టు తీసుకున్నారా, దాని మీద మార్పులేమిటి, చేతుల పొడవెన్ని అంగుళాలు, వెనక మెడ లోతెంత, హుక్కులు ముందా వెనకా, పైపింగు ఉందా, లైనింగు ఎవరిది, కూలీ మొత్తం, అడ్వాన్సు, తేదీతోపాటు వేళ, రాసినవాళ్ళ పేరు. ఇవన్నీ అచ్చువేసిన గళ్ళలో ఉంటే రద్దీలో కూడా రెండు నిమిషాల పని. ఆది జాకెట్టు ఇచ్చారు కదా అని టేపు పక్కన పెట్టేయడం ఇంకో పొరపాటు. అది ఎప్పటిదో, ఎన్ని ఉతుకులు చూసిందో, ఆ మనిషి ఇప్పుడెంత ఉందో ఎవరికి తెలుసు? “ఇది ఇప్పుడు వేసుకుంటే చంకల దగ్గర ఏమైనా పట్టేస్తోందా మేడమ్?” అని ఒక్క ముక్క అడిగి, ఛాతీ, నడుము, చెయ్యి చుట్టుకొలత మళ్ళీ ఒకసారి చూస్తే వెనక్కొచ్చే జాకెట్లు బాగా తగ్గుతాయి.

కుట్టే దగ్గర కూడా తేడాలొచ్చేది తెలియక కాదు, తొందరలో. కాటన్ లైనింగు ముందురోజు నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోయాలి. అలా చేయకపోతే మొదటి ఉతుకుకే లైనింగు కుదించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. చీర ఫాల్‌కీ ఇదే వర్తిస్తుంది. కుచ్చిళ్ళ దగ్గర అంచు ముడుచుకుపోయిన చీర కనిపిస్తే ఫాల్ తడపకుండా కుట్టేశారని అనుమానించవచ్చు. పక్క కుట్లలో అంగుళం గుడ్డ లోపల వదిలిపెడితే బిగుతైనా విప్పి సరిచేయొచ్చు, మొత్తం కత్తిరించేస్తే ఇక చేసేదేమీ ఉండదు. ఇవన్నీ టైలర్లకి చిన్నప్పటి నుంచీ తెలిసినవే. పని మీద పడిన వారంలో మొదట వదిలేసేవీ ఇవే. అందుకే ఆ 80 శాతం లెక్క తేదీల కోసం ఎంతో కుట్టు కోసమూ అంతే.

గడువుకి ముందురోజు సాయంత్రం ఎవరో ఒకరు మర్నాటి స్లిప్పులు ముందేసుకుని అరల్లో చూసుకోవాలి. అయినవాటికి వాట్సాప్ మెసేజి. కానివాటికి మాత్రం మెసేజి పనికిరాదు, ఫోనే చేయాలి. ఏమైంది, కొత్త తేదీ ఏమిటి, అప్పటికి కుదరకపోతే ఏం చేయగలం, ఈ మూడూ ఒక్క ఫోనులో తేల్చెయ్యాలి. గుంటూరు నుంచి వచ్చే మనిషికి రానూపోనూ డెబ్భై కిలోమీటర్లు, సగం రోజు. ఊరికే తిప్పించుకుంటే ఆవిడ లెక్కలో జాకెట్టు కూలీ రెట్టింపైనట్టే. ఆ ఫోను చేయడానికి ఎవరూ ముందుకు రారు, తిట్లు పడతాయి కాబట్టి. ఫోనులో పడే తిట్టు ఒక్కరే వింటారు. అదే తిట్టు మర్నాడు కౌంటరు ముందు పడితే చీరలు చూస్తున్న పదిమందీ తలెత్తి వింటారు.

టిఫిన్ సెంటర్లో ఇదే వ్యవహారం నిమిషాల్లో నడుస్తుంది. అమెరికన్ ప్రొఫెసర్ జాన్ లిటిల్ క్యూల గురించి 1961లో నిరూపించిన సూత్రాన్ని కొట్టు భాషలో చెబితే, ముందున్న పనిని నిమిషానికి తెమిలే పనితో భాగించడం, అంతే. పెనం మీంచి నిమిషానికి రెండు పెసరట్లు దిగుతున్నాయి, ముందు పద్దెనిమిది ఉన్నాయి, అంటే తొమ్మిది నిమిషాలు. “పది నిమిషాలు పడుతుందండీ, ఇడ్లీ అయితే ఇప్పుడే ఇస్తా” అంటే కొందరు ఇడ్లీకి మారతారు, కొందరు ఆగుతారు, తొందరున్నవాళ్ళు వెళ్ళిపోతారు. అలా వెళ్ళినవాళ్ళు రేపు మళ్ళీ వస్తారు. “అయిదు నిమిషాలు” అని చెప్పి పన్నెండు నిమిషాలు నిలబెట్టినవాళ్ళ సంగతి అలా ఉండదు. పార్సిళ్ళకి వేరే టోకెన్ల వరస పెట్టాలి, లేకపోతే ఒకడు ఆఫీసంతటికీ పద్నాలుగు దోసెలు చెబితే కూర్చున్నవాళ్ళు ఖాళీ పళ్ళెం చూసుకుంటూ ఉండాలి. ఒక వాయి పార్సిల్‌కి, ఒక వాయి లోపలికి అని పెనం పంచితే గొడవ ఉండదు. పొట్లం కట్టేటప్పుడు టోకెన్ పైకి చదవడం అలవాటు చేయాలి. అల్లప్పచ్చడి మర్చిపోయిన సంగతి బయటపడేది పటమటలో ఇంటికెళ్ళి విప్పాకే.

రెండో ప్రశ్న, ఎంతవుతుందన్నది, ఎక్కువగా రిపేర్ల దగ్గర రక్తం కళ్ళజూస్తుంది. ఆటోనగర్లో పనితనానికి కొదవలేదు, లారీ బాడీ కట్టడం నుంచి ఇంజిను బోరింగు దాకా దొరకని పని ఉండదు. తగాదా పని గురించి కాదు, బిల్లు గురించి. బండి జనరల్ సర్వీసుకి వస్తుంది. విప్పి చూస్తే క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి, చైను సెట్టు పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటాయి. మెకానిక్కు మంచి ఉద్దేశంతోనే మార్చేస్తాడు. సాయంత్రం బిల్లు చూసి ఆ మనిషి నోరు తెరుస్తాడు. మార్చడం సరైన పనే కావచ్చు, కానీ అడక్కుండా మార్చారు కాబట్టి ఆ బండి ఇక ఆ షెడ్డుకి రాదు.

దీనికి జాబ్ కార్డు మీద మూడు విషయాలు ఉండాలి. మొదట, కంప్లయింటు కస్టమరు మాటల్లోనే రాయాలి. “ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు గుంజుతోంది, సౌండు పెరుగుతోంది గానీ స్పీడు రావట్లేదు” అని రాస్తే విప్పేవాడికి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. “క్లచ్ చెక్” అని రాస్తే బండి నడపకుండానే కేబుల్ బిగించి ఇచ్చేస్తాడు. తర్వాత, ఒక హద్దు: ఇంతకి మించితే ఫోను చేశాకే చేస్తాం అని అంకె వేసి సంతకం. చివరగా రెండో ఫోను నంబరు, ఎందుకంటే ఇంజిను విప్పాక ఫోను ఎత్తకపోతే షెడ్డులో ఒక చోటు రోజంతా బందీ. అరిగిన పార్టు పక్కన కొత్తది పెట్టి తీసిన ఫొటో, పార్టు ధర ఒక వరసలో, లేబరు ఇంకో వరసలో రాసి పంపితే ఒప్పించడానికి వాదన అక్కర్లేదు. పాత పార్టులు కవర్లో వేసి బండితోపాటు ఇచ్చేయాలి. చాలామంది వాటిని గుమ్మం దాటకముందే పడేస్తారు, అయినా ఇవ్వాలి. బండి అప్పగించేటప్పుడు అదే ఫ్లైఓవరు ఎక్కించి చూపిస్తే మర్నాడు మళ్ళీ రావడమన్నది ఉండదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి మునిగినప్పుడు, నీళ్ళు తాగిన బళ్ళన్నీ ఒక్కసారే మెకానిక్కుల మీద పడ్డాయి. అలాంటప్పుడు ఏ షెడ్డూ వారంలో అన్నీ చేయలేదు. చేయగలిగింది ఒకటుంది: వరస నంబరూ తేదీ రాసిచ్చి, అప్పటిదాకా ఏం చేయకూడదో చెప్పడం. సెల్ఫ్ గానీ కిక్కు గానీ కొట్టొద్దు, సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ వైరు పీకేయండి. ఆయిలు చూడండి, పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే, మార్చకుండా స్టార్ట్ చేయొద్దు. ఈ మాటలకి స్పేర్లూ అక్కర్లేదు, షెడ్డులో చోటూ అక్కర్లేదు. బండి మూడు వారాల తర్వాత చేసినా, ఇంజిను దక్కిందంటే ఆ మనిషి మళ్ళీ అక్కడికే వస్తాడు.

మూడో ప్రశ్న, తేడా వస్తే ఎవర్ని అడగాలన్నది. దీనికి ఊళ్ళో స్థిరపడిపోయిన జవాబు “ఓనరుగారు లేరండీ, సాయంత్రం రండి”. కౌంటర్లో ఉన్నవాడికి అయిదు రూపాయలు తగ్గించే అధికారం లేకపోతే అతను చేయగలిగింది వాదించడమే, లేదా వాయిదా వేయడమే. బిల్లుకి 500 రూపాయల దాకా, రోజుకి 2,000 దాకా ఎవర్నీ అడక్కుండా సర్దేయమని చెప్పి చూడండి. అంకెలు కొట్టు సైజుని బట్టి మార్చుకోండి. షరతు ఒక్కటే: బిల్లు నంబరు, ఏం జరిగింది, ఎంత పోయింది, ఇవి ఆ రాత్రే పుస్తకంలో ఎక్కాలి. మొదటి నెలలో అనవసరంగా ఇచ్చినట్టు అనిపించినా ఓనరు ఒక్క మాట అనకూడదు. ఒక్కసారి “ఎవడి సొమ్మనుకున్నావు” అన్నాడంటే, ఆ పుస్తకంలో ఇంకో గీత పడదు. మళ్ళీ అంతా “సాయంత్రం రండి”కి వచ్చేస్తుంది.

బిల్లు కింద ఎర్ర అక్షరాల్లో ఉండే “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, మార్చబడదు” అన్న వాక్యం గురించి రెండు ముక్కలు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. 1915కి ఫోను చేసి ఫిర్యాదు చేయొచ్చు, అయిదు లక్షల లోపు కొన్న వస్తువు మీద జిల్లా కమిషన్లో కేసు వేయడానికి రుసుము కూడా లేదు. అంటే ఆ ఎర్ర అక్షరాలు చిరిగిన చీర తెచ్చినావిడని ఆపలేవు, మంచి కస్టమర్లని భయపెట్టడానికే పనికొస్తాయి. లోపం లేకుండా కేవలం రంగు నచ్చక తెస్తే అది వేరు, అక్కడ నియమం మీది. “ఏడు రోజుల్లో, ట్యాగు తీయకుండా, ఫాల్ కుట్టకుండా తెస్తే మార్పిడి, డబ్బు వాపసు లేదు” అని సూటిగా రాయండి, బిల్లు చింపేటప్పుడు నోటితో కూడా చెప్పండి.

ఫోన్‌పే చేశాక డబ్బు కట్టయి, కొట్టు స్పీకరు మూగబోవడం ఇంకో రోజువారీ గొడవ. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం, దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు నిర్ధారణ కాకపోతే అయిదు రోజుల్లో డబ్బు ఖాతాకి దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయలు చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. క్యాషియరుకి ఈ ఒక్క సంగతి తెలిస్తే, అతను వాదించడం మాని 12 అంకెల లావాదేవీ నంబరు రాసుకుని ఏం జరుగుతుందో చెప్పగలడు.

“ఇదంతా మొదలెడితే జనం నెత్తికెక్కుతారు” అనే అభ్యంతరం ఉత్తిది కాదు. పెళ్ళిలో కట్టుకుని, సెంటు వాసనతో సహా చీర తెచ్చేవాళ్ళున్నారు. అందుకే ట్యాగు లోపలి కొంగుకి కాకుండా కట్టుకుంటే కనబడే చోట కుట్టాలి. అది తెగిందంటే మార్చేది లేదని నవ్వుతూనే చెప్పేయాలి. కస్టమరు ఎప్పుడూ కరెక్టేనన్న మాట నేనొప్పుకోను. కుర్రాణ్ణి బూతులు తిట్టే మనిషి దగ్గర ఓనరు కుర్రాడి పక్షాన నిలబడాలి. నలుగురిలో మాటపడి ఊరుకున్నవాడు ఆ కోపాన్ని తర్వాత వచ్చిన పెద్దావిడ మీద చూపిస్తాడు. కానీ పదిమంది మాయగాళ్ళ కోసం రాసిన నియమాలతో ఊరందరినీ అనుమానించడం అన్నిటికన్నా ఖరీదైన పొదుపు.

గూగుల్లో నక్షత్రాలు లెక్కపెట్టుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అయిదు నక్షత్రాలిస్తే పది శాతం తగ్గింపు అనే బోర్డులైతే పరువు తక్కువ, ఆ నక్షత్రాలు ఓనరుకే ఏమీ చెప్పవు. చెడ్డ రివ్యూ వస్తే రెండు రోజుల్లో, వాదించకుండా, ఏం సరిచేస్తారో రాస్తే చాలు. దానికన్నా ఒక పొడుగు పుస్తకంలో రెండు అంకెలు పెట్టుకోవడం మేలు: ఇచ్చిన తేదీల్లో ఎన్నింటికి నిలబడ్డాం, ఇచ్చినవాటిలో ఎన్ని ఆల్టరేషనుకి వెనక్కొచ్చాయి. ప్రతి సోమవారం పొద్దున్న, షట్టరు ఎత్తగానే. ఆలస్యమైన ప్రతిదాని ఎదురుగా అది ఎవరి చేతిలో ఆగిందో రాయాలి. జాకెట్లలో చాలాసార్లు ఆగేది మిషను దగ్గర కాదు, హుక్కులూ కాజాలూ హెమ్మింగూ ఇంటి దగ్గర చేసి తెచ్చే ఆవిడ దగ్గర. ఆవిడ వారానికి రెండుసార్లే వస్తుంది, మంగళవారం సాయంత్రం కుట్టు పూర్తయిన జాకెట్టు శుక్రవారం దాకా సంచిలోనే ఉండిపోతుంది. ఆవిడకి ఆటో కిరాయి ఇచ్చి రోజు విడిచి రోజు రప్పించుకోవడం కొత్త టైలరుని పెట్టుకోవడం కన్నా చాలా చవక.